మందు తాగని కుటుంబానికి ఏ ఓడ చవక?

క్రూజ్ (ఓడలో విహారయాత్ర) ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ధర ఒక మనిషికి. అదీ గదిలో ఇద్దరుంటే, ఓడలో అన్నిటికంటే చిన్న గదికి, గిరాకీ బాగా తక్కువున్న వారానికి. ఇద్దరు పిల్లలతో బడి సెలవుల్లో బయల్దేరే ఇంటికి ఆ అంకె ఎందుకూ పనికిరాదు. అయినా అమెరికాలో డాలస్‌లోనో ఎడిసన్‌లోనో నలుగురు కూర్చుని ఏ కంపెనీ చవక అని మాట్లాడుకునేటప్పుడు పోల్చేది ఆ అంకెలనే. ఆ పోలిక తప్పని, మన ఇళ్లకు మరీ తప్పని నా వాదన.

ఎందుకు తప్పో తెలియాలంటే ఓడ కంపెనీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. రాయల్ కరీబియన్, కార్నివాల్ వంటి పెద్ద సంస్థల వార్షిక నివేదికలు చూస్తే, మొత్తం రాబడిలో మూడో వంతుకు అటూ ఇటూగా ఓడ ఎక్కాక పెట్టే ఖర్చుల నుంచే వస్తుంది. మందు, కాసినో, ఒడ్డున తిప్పే టూర్లు, ఇంటర్నెట్, స్పా, ఫొటోలు, డబ్బు కట్టి తినే ప్రత్యేక రెస్టారెంట్లు. టికెట్ ధర తక్కువగా ఉంచగలగడానికి కారణం ఇదే. ఎక్కినవాళ్లు రోజూ బార్ దగ్గరా కాసినోలోనూ ఖర్చు పెడతారన్న లెక్క మీదే ఆ టికెట్ ధర నిలబడి ఉంది.

మన కుటుంబాల్లో చాలామంది మందు ముట్టరు. ముట్టినా వారానికి రెండు గ్లాసులు. కాసినో వైపు వెళ్లేది తక్కువ. సగం మంది శాకాహారులు కాబట్టి డబ్బు కట్టి తినే స్టేక్ రెస్టారెంట్‌తో పనిలేదు. అంటే ఓడ కంపెనీ టికెట్ మీద తగ్గించి బార్ దగ్గర రాబట్టుకునే సొమ్ములో మన వాటా దాదాపు సున్నా. అలాంటి ఇంటికి లాభం ఎక్కడంటే, ఉత్త టికెట్ బాగా తక్కువగా ఉండి, ఎక్కాక అమ్మేవి ఎక్కువగా ఉండే ఓడలో, ఆ అమ్మేవి కొనకుండా ఉండటంలో. అన్నీ కలిపి ఇస్తున్నాం అనే ప్యాకేజీలో నష్టం, ఎందుకంటే అక్కడ పక్కవాళ్ల మందు ఖర్చులో మనం పాలు పంచుకుంటాం.

ఇక లెక్క ఎలా వేయాలో చూద్దాం. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిల్లల అసలు వయసులు వేసి, మీకు కావలసిన గదిని ఎంచుకుని, కార్డు నంబరు అడిగే పేజీ దాకా వెళ్లి, అక్కడ కనిపించే మొత్తం కుటుంబం ధర రాసుకోండి. అంతకు ముందు పేజీల్లోని ఏ అంకెనూ పట్టించుకోవద్దు. 2024 జులై 1 నుంచి కాలిఫోర్నియా చట్టం వల్ల అమెరికాలో అమ్మే క్రూజ్‌లకు పన్నులు, పోర్టు ఫీజులు కలిపిన ధరే మొదటినుంచీ చూపిస్తున్నారు. పాత బ్లాగుల్లో, పాత వీడియోల్లో చెప్పే ధరలు పన్నులు కలపనివి కావచ్చు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టకూడదు. చట్టం వచ్చాక కూడా ఆ ధరలో చేరనిది ఒకటుంది, టిప్పులు.

టిప్పులు ఇష్టమైతే ఇచ్చేవి కావు, రోజూ మనిషికి ఇంత అని ఓడ ఖాతాలో వాటంతటవే పడిపోతాయి. 2025లో మామూలు గదులకు రోజుకు కార్నివాల్, డిస్నీ 16 డాలర్లు, రాయల్ కరీబియన్ 18.50, నార్వేజియన్ 20 తీసుకున్నాయి. ఏడాదికో రెండేళ్లకో ఒకటో అరో పెంచుతుంటారు కనుక బుక్ చేసేటప్పుడు మళ్లీ చూసుకోవాలి, ముందే కట్టేస్తే ఆనాటి రేటే ఉంటుంది. పిల్లలకు సగం అనుకోవద్దు. కార్నివాల్ రెండేళ్ల లోపు, నార్వేజియన్ మూడేళ్ల లోపు పిల్లల్ని వదిలేస్తాయి, ఆపైన ఐదేళ్ల పిల్లకీ పెద్దలతో సమానమే. ఆ రేట్లతో నలుగురికి ఏడు రాత్రులంటే కార్నివాల్‌లో 448, రాయల్‌లో 518, నార్వేజియన్‌లో 560 డాలర్లు. అమ్మానాన్నలు కూడా వస్తే, ఆరుగురికి నార్వేజియన్‌లో 840. టికెట్లో రెండు కంపెనీల మధ్య వంద డాలర్ల తేడా చూసి సంబరపడేవాళ్లకు ఆ వంద ఇక్కడే పోతుంది.

ఓడలో గెస్ట్ సర్వీసెస్ అనే సహాయ కౌంటర్ దగ్గరికి వెళ్లి టిప్పులు తీయించుకోవచ్చని చెప్పే సలహాలు చాలా తిరుగుతుంటాయి. అది చేయొద్దని గట్టిగా చెప్తాను. ఆ డబ్బు గదులు సర్దేవాళ్ల, వడ్డించేవాళ్ల సంపాదన. వాళ్లలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియాలతో పాటు మన దేశం నుంచి వచ్చినవాళ్లు కూడా ఎందరో నెలల తరబడి ఇంటికి దూరంగా పనిచేస్తారు. ఆదా చేయడానికి ఓడలో వేరే చోట్లు బోలెడున్నాయి.

ఉచితం అనే మాట దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. నార్వేజియన్ టికెట్‌తో పాటు మందు ప్యాకేజీ, ప్రత్యేక భోజనాలు, కొంత ఇంటర్నెట్ ఉచితంగా ఇస్తున్నామంటుంది. ఆ ప్యాకేజీకి విడిగా రోజుకు 109 డాలర్ల ధర కట్టి, దానిమీద 20 శాతం సర్వీస్ చార్జి, అంటే రోజుకు 21.80 డాలర్లు, గదిలోని మొదటి ఇద్దరి దగ్గరా 2024లో ఆ కంపెనీ వసూలు చేసింది. ఇద్దరికి ఏడు రోజులు 305 డాలర్లు. ఊహకు ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆ ఓడలో నలుగురికి టికెట్ 3,600, మరో కంపెనీలో ఏ ఉచితాలూ లేకుండా 3,750. మొదటిది చవకగా కనిపిస్తుంది. సర్వీస్ చార్జి 305, టిప్పులు 560 కలిపితే 4,465. రెండోదానికి టిప్పులు 518 కలిపితే 4,268. నూట యాభై తక్కువ అనుకున్నది దాదాపు రెండు వందలు ఎక్కువైంది, అదీ ఒక్క గ్లాసు కూడా తాగకుండానే. బుక్ చేసేటప్పుడే మందు ప్యాకేజీ వద్దని, దాని సర్వీస్ చార్జి తీసేయమని అడగాలి. తీసేశాక వచ్చిన మొత్తంతోనే పోల్చాలి.

భార్యాభర్తల్లో ఒకరే తాగే ఇళ్లలో ఇంకో చిక్కుంది. రాయల్, కార్నివాల్ రెండింటిలోనూ గదిలో 21 దాటిన ఒకరు మందు ప్యాకేజీ కొంటే మిగతా పెద్దలూ కొనాల్సిందే. వారంలో నాలుగైదు సార్లు తాగే మనిషికి విడిగా గ్లాసుకింత అని కట్టుకోవడమే చవక. పిల్లల కూల్‌డ్రింకుల కోసం సోడా ప్యాకేజీ అమ్ముతారు, ఇద్దరు పిల్లలకు వారానికి వంద నుంచి రెండు వందల డాలర్ల దాకా అవుతుంది. మంచినీళ్లు, నిమ్మరసం లాంటివి, ఐస్ టీ, కాఫీ బఫేలో ఎలాగూ ఉచితమే. కార్నివాల్‌లో ఎక్కే రోజున మనిషికి 12 చిన్న క్యాన్లు చేతి సామానులో తెచ్చుకోనిస్తారు, రాయల్‌లో గదికి 12. నార్వేజియన్‌లో అసలు తేనివ్వరు.

గది ధర కట్టే పద్ధతి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ప్రతి గదిలో మొదటి ఇద్దరికి పూర్తి ధర, మూడో నాలుగో మనిషికి తక్కువ ధర. ఆ మొదటి ఇద్దరు పెద్దలా పిల్లలా అన్నది కంపెనీ చూడదు. కాబట్టి తల్లి ఒక్కతే ఒక పిల్లను తీసుకెళ్తే ఆ పిల్లకు పూర్తి పెద్ద టికెట్టే పడుతుంది. పిల్లలకు ఉచితం అనే రాయల్, యూరప్ కంపెనీ ఎంఎస్‌సీ ఆఫర్లు కూడా మూడో నాలుగో పడకకే వర్తిస్తాయి. పన్నులు, పోర్టు ఫీజులు, టిప్పులు అందులో రావు. వేసవి, క్రిస్మస్ వారాలు చాలాసార్లు ఆ ఆఫర్ బయటే ఉంటాయి. పైగా ఆఫర్ ఉన్న రోజుల్లో మొదటి ఇద్దరి ధర కాస్త పైకి జరగడం మామూలే. అందుకే మళ్లీ చెప్తున్నాను, ఆఫర్ పేరు చూడొద్దు, చివరి పేజీ మొత్తం చూడండి.

నలుగురు పట్టే గదులు ఏ ఓడలోనైనా తక్కువ, ముందుగా అయిపోయేవి అవే. అవి అయిపోయాక వెబ్‌సైట్ బాల్కనీ గదో సూట్‌నో చూపిస్తుంది, ధర ఎగిరిపోతుంది. అప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ఎదురెదురుగానో పక్కపక్కనో రెండు ఇంటీరియర్ (కిటికీ లేని) గదులు, ఒక్కోదాంట్లో ఒక పెద్ద ఒక పిల్ల అని వేసి చూడండి. నలుగురికీ పూర్తి ధరే పడుతుంది, అయినా నలుగురి బాల్కనీ కంటే కొన్నిసార్లు తక్కువ వస్తుంది, రెండు స్నానాల గదులు దొరుకుతాయి. ఓడ ఎక్కాక పిల్లలిద్దరూ ఒక గదిలో పడుకుంటామంటే అదనపు తాళం కార్డులు ఇస్తారు. కాగితం మీద మాత్రం మామూలుగా ప్రతి గదిలో 21 దాటిన మనిషి ఒకరుండాలి.

అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు ఆరుగురవుతారు. నలుగురూ ఇద్దరూ అని రెండు గదులు చేసినా, ముగ్గురూ ముగ్గురూ అని చేసినా నాలుగు పూర్తి టికెట్లు, రెండు తక్కువ టికెట్లే. ముగ్గురేసి ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ముగ్గురు పట్టే గదులు ఎక్కువ దొరుకుతాయి, పై బంకు (పైనుంచి దించే పడక) ఒక్కటే దింపుతారు కాబట్టి నడవడానికి చోటుంటుంది, మనవడో మనవరాలో నానమ్మ దగ్గర పడుకుంటారు. పెద్దవాళ్లకు పై బంకు ఎక్కే పని రాకుండా చూసుకోండి. గది ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఉంటే ఊపు తక్కువ తెలుస్తుంది. గ్యారంటీ గది అని ఇంకా తక్కువ ధరకు అమ్మేవాటిలో ఏ గది ఇవ్వాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఎంఎస్‌సీలో బెల్లా అనే అడుగు తరగతి కూడా అలాంటిదే. రెండు గదులు తీసుకునే కుటుంబానికి అది పనికిరాదు. ఒకటి ఓడ ముందు కొసలో, ఇంకొకటి వెనక కొసలో పడితే మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన వారమంతా ఆ నడవాలో నడవాలి.

ఇప్పుడు కంపెనీల సంగతి. నా లెక్కలో కంపెనీ పేరు కన్నా ఓడ వయసు, బయల్దేరే తేదీ, బయల్దేరే రేవు ధరను ఎక్కువగా మారుస్తాయి. రాయల్‌లో 2024లో వచ్చిన ఐకాన్, 2025లో వచ్చిన స్టార్ ఓడలకూ, అదే కంపెనీ పాత ఓడలకూ ఒకే వారంలో ఉండే తేడా, రాయల్‌కూ కార్నివాల్‌కూ మధ్య ఉండే తేడా కంటే ఎక్కువగా ఉండటం సాధారణం. కొత్త ఓడలో వాటర్ స్లైడ్లు ఎక్కువ, నిజమే. ఆరేళ్ల పిల్లకు ఒక స్లైడూ ఒక ఈతకొలనూ ఉంటే చాలు. పదమూడేళ్ల పిల్లాడికి చాలవు. పిల్లల వయసును బట్టి ఓడను ఎంచుకోండి, కంపెనీని కాదు.

రెండేళ్ల పాపతో వెళ్లేవాళ్లకు కార్నివాల్‌ను మించింది లేదు, ఎందుకంటే వాళ్ల పిల్లల క్లబ్బు రెండేళ్ల నుంచే ఉచితంగా తీసుకుంటుంది, డైపర్ కూడా మారుస్తారు. రాయల్, నార్వేజియన్, డిస్నీల్లో ఉచిత క్లబ్బు మూడేళ్ల నుంచి. రాయల్‌లో డైపర్ మాని ఉండాలి కూడా. రాయల్, డిస్నీ ఓడల్లోని నర్సరీకి గంటకింత అని కట్టాలి. రాయల్, కార్నివాల్ క్లబ్బులు రాత్రి పది దాటాక డబ్బు తీసుకుంటాయి. డైపర్ వేసుకునే పిల్లల్ని, అది ఈత డైపరైనా సరే, మామూలు కొలనుల్లోకి దిగనివ్వరు. ఆరు నెలల లోపు పసివాళ్లను ఎక్కించుకోరు. వరసగా ఎక్కువ రోజులు సముద్రం మీదే ఉండే ప్రయాణాలకైతే ఏడాది నిండాలి. ప్రయాణం ముగిసేలోగా 24వ వారంలోకి వచ్చే గర్భిణులకూ అనుమతి లేదు. ఇది ఎక్కే రోజున రేవు దగ్గర తెలిస్తే కట్టిన డబ్బంతా పోతుంది.

ఎంఎస్‌సీ ఉత్త ధర చాలాసార్లు అన్నిటికంటే తక్కువ. యూరప్ పద్ధతిలో నడిచే ఓడలు కనుక మైకులో చెప్పే ప్రకటనలు మూడు నాలుగు భాషల్లో సాగుతాయి, భోజనాల దగ్గర సీసా నీళ్లకు డబ్బు అడుగుతారు. వాటితో ఇబ్బంది లేనివాళ్లకు, పిల్లలు గదిలో మూడో నాలుగో మనుషులుగా ఉండేవాళ్లకు, నేను మొదట చూడమనేది ఇదే.

డిస్నీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు అడిగేది అదే. అదే వారానికి, అదే రకం గదికి కార్నివాల్ ధరకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. డిస్నీ ఓడల్లో కాసినో లేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం, జూదం నుంచి రావలసిన సొమ్ము రాదు కాబట్టి అదీ టికెట్‌లోనే పడుతుంది. అందులో మనకు తిరిగి వచ్చేవి ఏమిటి? కూల్‌డ్రింకులు ఉచితం. చాలా గదుల్లో స్నానానికో గది, టాయిలెట్‌కో గది విడివిడిగా ఉంటాయి, పొద్దున్నే నలుగురు తయారయ్యేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. రాత్రి భోజనాల్లో భారతీయ వంటకాలు దొరుకుతాయి. ఇవన్నీ డబ్బుల్లోకి మార్చి చూస్తే, నా అంచనాలో, నలుగురికి వారానికి నాలుగైదు వందల డాలర్లకు మించవు. మిగతా తేడా అంతా ఆ బొమ్మల పాత్రల కోసం. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలుండి, వాళ్లు ఆ పాత్రల్ని నిజంగా ప్రేమిస్తుంటే, మూడు నాలుగు రాత్రుల చిన్న ప్రయాణం ఒకసారి చేయడం తప్పేమీ కాదు. ఏడు రాత్రులకు అంత పెట్టడం, ముఖ్యంగా పన్నెండు దాటిన పిల్లలతో, నేను సమర్థించలేను.

రేవు లెక్క చూడండి. డాలస్ నుంచి టెక్సస్ రేవు గాల్వెస్టన్ సుమారు 290 మైళ్లు, కారులో ఐదు గంటలు. రానూ పోనూ పెట్రోలుకు 70, 80 డాలర్లు, రేవులో పార్కింగ్ రోజుకు 20 అనుకుంటే ఎనిమిది రోజులకు 160. మొత్తం 230, 240. అదే ఫ్లోరిడా నుంచి ఎక్కాలంటే, విమానం మనిషికి 200 అనుకున్నా నలుగురికి 800, ముందు రాత్రి హోటల్ 180, ఓర్లాండో విమానాశ్రయం నుంచి 45 మైళ్ల దూరంలోని కెనవరల్ రేవుకు రానూ పోనూ మరో 170. దాదాపు 1,150. అంటే ఫ్లోరిడా ఓడ టికెట్ 900 డాలర్లు తక్కువైతేనే సమానం. ముందు రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకుందామని ఎక్కే రోజు ఉదయం విమానం పట్టుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, టికెట్ డబ్బు వెనక్కి రాదు. న్యూజెర్సీ వాళ్లకు బేయాన్‌లోని కేప్ లిబర్టీ రేవు ఇంటి పక్కనే ఉన్నట్టు. అక్కడినుంచి బహామాస్‌లో రాయల్ సొంత దీవి కోకోకేకి వెళ్లే ఓడలుంటాయి. ఆ దీవిలో ఇసుక తీరం, పెద్ద కొలను, భోజనం టికెట్‌లోనే ఉన్నాయి. వాటర్ పార్కుకు మాత్రం మనిషికి వంద డాలర్లు దాటే రోజులున్నాయి. అంతకు ముందు రోజే ఓడలోని స్లైడ్లు ఎక్కిన పిల్లలకు అది అవసరమా అని ఒకసారి ఆలోచించండి.

తేదీ విషయంలో టెక్సస్ స్ప్రింగ్ బ్రేక్, జూన్ జులైలు, క్రిస్మస్ వారం అన్నిటికంటే ఖరీదు. బడులు తెరిచాక ఆగస్టు చివరి నుంచి థాంక్స్‌గివింగ్ ముందు దాకా చవక. బడికి వెళ్లని పిల్లలున్నవాళ్లు ఆ వారాలను వదులుకోకూడదు. అది తుపానుల కాలం, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఓడ తుపానును తప్పించుకుని దారి మార్చుకుంటుంది, మీరు వెళ్దామనుకున్న ఊరు మారిపోవచ్చు, దానికి నష్టపరిహారం ఉండదు. ఆ ఊళ్లో బయటివాళ్ల దగ్గర ముందే కట్టిన టూర్ డబ్బు రావాలంటే రద్దు నియమాలు ముందే చదివి ఉండాలి.

కాగితాల ఖర్చు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. హెచ్‌-1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరినవాళ్లకు ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటుంది. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) చెల్లుబాటులో ఉండి, 30 రోజులకు మించకుండా మెక్సికోకో కెనడాకో మాత్రమే వెళ్లి వస్తే పాత స్టాంపుతో రావచ్చు. కరీబియన్ దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్, జే (విద్యార్థి, ఎక్స్చేంజ్) వీసాలవాళ్లకే. గాల్వెస్టన్ నుంచి వెళ్లే ఏడు రాత్రుల ఓడలు చాలావరకు కోజుమెల్, కోస్టా మాయాలతో పాటు రోవటాన్ వెళ్తాయి. మొదటి రెండూ మెక్సికో, రోవటాన్ హోండురాస్‌ది. స్టాంపింగ్ లేనివాళ్లకు ఆ ఒక్క ఊరు మొత్తం ప్రయాణాన్ని ప్రమాదంలో పెడుతుంది. కోజుమెల్, ప్రోగ్రెసోలకే వెళ్లే నాలుగైదు రాత్రుల ఓడ చూసుకోవాలి. అదైనా ఓడ కంపెనీ ఆ వెసులుబాటును ఒప్పుకుంటుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగాలి, అనుమానం ఉంటే లాయర్‌ను అడిగాకే డబ్బు కట్టాలి.

అలాస్కా ఇంకో రకం. 1886 నాటి అమెరికా ప్రయాణికుల ఓడల చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ సియాటిల్‌లో ఎక్కించుకుని సియాటిల్‌లోనే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. ఆ ఒక్క సాయంత్రం కోసం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు. వీసా మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలు ఒక్కరికి 85, కుటుంబానికి కలిపి 170. నలుగురూ భారత పాస్‌పోర్టులైతే 570. పాస్‌పోర్టులు స్టాంపు కోసం పంపి తిరిగి రావడానికి పట్టే కాలం వేరు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో అలాస్కా వెళ్లాలంటే వాళ్లు బయల్దేరకముందే అక్కడ వీసా వేయించుకోవడం మేలు.

మన పేర్లతో కూడా ఒక ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాయించుకున్న పెద్దవాళ్లు చాలామంది. వాళ్ల అమెరికా వీసా మీద పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. బుకింగ్‌లో మీరు పిలుచుకునే పేరు కాక పాస్‌పోర్టు, వీసాల మీద ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఆఖరి చెల్లింపుకు ముందు ఫోన్ చేసి సరిచేయించుకుంటే సులువుగా అయిపోతుంది. పెద్దవాళ్ల ఇన్సూరెన్స్ కూడా చూడండి. విజిటర్ పాలసీలు చాలావరకు అమెరికాలో వైద్యానికి ఉద్దేశించినవి. ఓడ మీద, మెక్సికోలో పనిచేస్తుందా, ఓడనుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఇస్తుందా, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ వల్ల వచ్చిన సమస్యకు వర్తిస్తుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోకుండా ఎక్కించవద్దు. ఓడలోని డాక్టర్ బిల్లు నేరుగా మీ ఖాతాలో పడుతుంది.

ఓడలో జేబుకు చిల్లు పెట్టే చిన్నవి కొన్ని ఉన్నాయి. పిల్లల గది కార్డుతో ఆర్కేడ్ ఆటలు ఆడొచ్చు, ప్రతి ఆటా మీ ఖాతాలో పడుతుంది. ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌లో పిల్లల కార్డులకు ఖర్చు పెట్టే వీలు తీయించండి. ఖాతాకు డెబిట్ కార్డు ఇవ్వొద్దు, వాళ్లు పట్టి ఉంచే మొత్తం దిగాక కూడా కొన్నాళ్లు ఇరుక్కుపోతుంది. ఫోన్లు రేవు వదిలేముందే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, ఓడ సెల్ టవర్‌కు తగిలితే రోమింగ్ తడిసి మోపెడవుతుంది. ఇండియాతో వాట్సాప్ మాట్లాడాల్సిన పెద్దవాళ్లుంటే ఒక్క పరికరానికి ఇంటర్నెట్ కొని మార్చి మార్చి వాడుకోవచ్చు. ఓడ ఎక్కకముందు ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ. తర్వాత ధర పడిపోతే రద్దు చేసి మళ్లీ కొనుక్కోవచ్చు.

తిండి విషయంలో భయపడి ప్రత్యేక రెస్టారెంట్లు కొననక్కర్లేదు. కార్నివాల్, రాయల్ ప్రధాన భోజనశాలల్లో భారతీయ శాకాహారం అడిగితే చేసిపెడతారు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో చెప్పి, మర్నాటిది ముందురోజే ఖాయం చేసుకోవాలి. వెళ్లి కూర్చున్నాక అడిగితే పాస్తానే మిగులుతుంది. రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, ఇస్త్రీ పెట్టె ఎక్కే దగ్గరే తీసేసుకుంటారు. ఇంట్లో చేసిన పులిహోర, పెరుగన్నం తేనివ్వరు. కంపెనీ సీలు ఉన్న పచ్చళ్లు, కారప్పూస, బిస్కెట్ల ప్యాకెట్లకు అభ్యంతరం ఉండదు. వాటిని మెక్సికో రేవులో కిందికి దించకుండా గదిలోనే ఉంచుకోండి.

హైదరాబాద్, విశాఖల నుంచి సింగపూర్ వెళ్లి ఎక్కేవాళ్ల లెక్క పూర్తిగా వేరు. అక్కడి ఓడలు ఎక్కువగా మూడు నాలుగు రాత్రులవి. విమానం, సింగపూర్‌లో హోటల్ ఖర్చు ఆ మూడు రాత్రుల మీదే పడుతుంది కాబట్టి రెండు ఓడల టికెట్ల మధ్య ఐదారు వేల రూపాయల తేడాకు అర్థం లేదు. విమానం టికెట్ తేదీ ముందు చూసుకుని, దానికి కుదిరే ఓడ వెతకండి. సింగపూర్ బడులకు సెలవులు జూన్‌లో, మనకు ఏప్రిల్ చివరినుంచే. మే మొదటి మూడు వారాల ధరలు జూన్ ధరలతో పోల్చి చూడటం మర్చిపోవద్దు. ఓడ తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి. 2026 మార్చి నుంచి అక్కడ డిస్నీ అడ్వెంచర్ ఓడ ఏ రేవులోనూ ఆగకుండా తిరిగొచ్చే ప్రయాణాలతో మొదలయ్యేలా పెట్టారు. మధ్యలో ఊళ్లు చూద్దామనుకునేవాళ్లకు అది కాదు. ఏజెంటు రూపాయల్లో చెప్పే ధరలో జీఎస్టీ, టీసీఎస్ (ముందుగా పట్టుకునే పన్ను), టిప్పులు ఉన్నాయా అని విడివిడిగా అడగండి. టీసీఎస్ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది, కానీ ముందు చేతినుంచి కట్టాలి. దేశంలోనే తిరిగే కార్డేలియా కంపెనీ ఎంప్రెస్ ఓడ, కొన్ని సీజన్లలో చెన్నై నుంచి విశాఖను కలుపుతూ నడుస్తుంది. 1990లో కట్టిన చిన్న ఓడ అది, కొత్త ఓడల స్లైడ్లు ఆశించకూడదు. వీసాలూ విమానాలూ లేకుండా పెద్దవాళ్లకు సముద్రం మీద రెండు రాత్రులు చూపించాలంటే సరిపోతుంది.

అమెరికాలో బుక్ చేసినవాళ్లు చివరగా చూసుకోవాల్సింది ఆఖరి చెల్లింపు తేదీ. చాలా కంపెనీల్లో అది ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది. ఆ రోజు దాకా వారానికోసారి అదే ఓడ, అదే తేదీ, అదే రకం గది ధర మళ్లీ చూడండి. తగ్గితే ఫోన్ చేసి సవరించమని అడగొచ్చు. డిపాజిట్ వెనక్కి రానిదైనా అదే ప్రయాణానికి ధర సవరించుకోవచ్చు. ఓడనో తేదీనో మార్చుకుంటే మాత్రం రాయల్‌లో మనిషికి 100 డాలర్లు పడుతుంది, నలుగురికి 400. సవరించినప్పుడు మీరు మొదట బుక్ చేసిన ఆఫర్ పోయి ఆనాటి ఆఫర్ వస్తుంది. పిల్లలకు ఉచితం పోయి మొదటి ఇద్దరికి ధర తగ్గితే మొత్తం పెరగొచ్చు. సరే అనే ముందు కొత్త మొత్తాన్ని టిప్పులతో సహా ఫోన్లో చదివించుకుని, పాత కాగితం పక్కన పెట్టి చూడండి.